కప్పల కొలువు

తొలకరి జల్లులకు తడిసిన నేల కమ్మని వాసన వెదజల్లగా మేఘాచ్ఛాదితమైన నభోమండలమున నొక్క చుక్కయైనను గానరాని యా రాత్రివేళ జమీందారు జగ్గరాజ బహద్దరువారు తమ యుద్యానవనమున పేముకుర్చీయం దాసీనులై తాము కన్నబిడ్డలకన్న మిన్నగ బెంచుకొను బోదురుకప్పలు బొరియలు వీడి వచ్చుటకై యెదురుచూచుచుండిరి. వారి పాదములచెంత నెఱ్ఱని పట్టుగుడ్డ చుట్టిన లాంతరు ముందుంచుకొని పైడయ్య యను సేవకుడు కూర్చుండెను. తెల్లని వెలుగు సోకినను మనుష్యుని యలికిడి విన్నను కప్పలు బెదరి బొరియలు జొచ్చును గావున నా కొలువున కదలుట నేరము దగ్గుట మహాపరాధము. కిందటి మాసమున తుమ్మిన పాపమునకు పైడయ్యకు ముందటి సేవకుడు ఆలుబిడ్డలతో గూడ దివాణపు గుడిసెనుండి గెంటివేయబడెను. ఇప్పుడా గుడిసెలో పైడయ్య భార్య నిండుచూలాలై యున్నది.

కప్పలు ఒక్కటొక్కటిగ వెలువడి పురుగుల నాలుకతో నందుకొనుచుండగా ఆ కప్పలకై పొంచియున్న నాగుపాము గడ్డిలోనుండి సాగివచ్చి పైడయ్య మడమను కాటువేసి తొలగిపోయెను. వాడు పండ్లు బిగించి ప్రభువువైపు వంగి గొణిగెను.

"బాబూ, పాము కరిసీసినాది. గుమ్మం కాడ ఇసవైద్దుడున్నాడు. ఎల్లొత్తాను బాబూ."

జమీందారు పెదవులపై వ్రేలుంచి "ఓరీ, పెద్దకప్ప యిప్పుడే తల వెలికి జాచినది. అది మేత ముగించుదాక కదలితివేని తెల్లవారుసరికి నీకు గుడిసె యుండదు" అని మందస్వరమున సెలవిచ్చిరి.

వైద్యుడున్నది నూఱడుగుల దూరము. కాని నిండుచూలాలిని వానలో నిలబెట్టుటకు వానికి మనసొప్పలేదు. కప్ప త్వరగనే మేసి పోవునని యాశపడి కూర్చుండెను. అయ్యో, ఎంత వెఱ్ఱివాడు! తన ప్రాణమును కప్ప యాకలితో గొలుచుకొనెను గదా! ఆ కప్పకో యెక్కడలేని తీరిక. అది యొక్కొక్క పురుగును మ్రింగి కన్నులు మూసికొని విశ్రమించుచుండ పైడయ్య కనుఱెప్పలు బరువెక్కెను. భార్యను బిలువబోయిన వానికి నాలుక మెదలలేదు. వీపు వెనుకనున్న రాతిగట్టున కానెను. ఊపిరి మెల్లగ నడగిపోయెను.

అప్పుడు పెద్దకప్ప గెంతుకొనుచు వచ్చి వాని పాదముపై నిలిచి యటనుండి యొడిలోనికెక్కి తీరుగ కూర్చుండెను. జమీందారు కన్నుల నానందబాష్పములు గ్రమ్మెను.

"ఇంత నెమ్మదస్తుడైన సేవకుడు మాకిదివఱ కెన్నడును దొరకలేదు" అని మురిసి చప్పుడుగాకుండ లేచి యడుగులో నడుగు వేయుచు వెడలి కప్పకు భంగము గలుగకుండుటకై తెల్లవారుదాక నా దిక్కునకు పైడయ్య భార్యనైనను రానీయవలదని కావలివారి కాజ్ఞాపించిరి.