ఎడమచేతి ముడి

మా మేనత్త భర్త, మా మామయ్యది పెద్ద నోరు. పాత పుస్తకాల కొట్లన్నీ నలభై ఏళ్ళుగా గాలిస్తున్నారు. ఖాళీ చేతుల్తో వచ్చిన ప్రతిసారీ ఒకటే తిట్టు: "ఏ దరిద్రుడో మా అమ్మ పుస్తకం చింపేసుంటాడు, వాడి చేతులు పడిపోను!" ఆవిడ కట్టిన పాటల పుస్తకం అది. ఆవిడ పోయేనాటికి ఈయన చిన్నపిల్లాడు, ఆవిడ పాడగా వినడమే తప్ప అక్షరం ముక్క రాదు. ఇప్పుడేమో చూపు మసకబారింది. "దొరికితే నువ్వైనా చదివి వినిపించాలి అమ్మాయ్," అంటారు.

నాకు బైండింగు నేర్పింది ఆయనే. ఆ పొద్దున మా బైండింగు కొట్లో ఓ ఆఫీసువాళ్ళ పాత రిజిస్టరు విప్పుతున్నాను. వెనకట అట్టలు కొనేవాళ్ళు కాదు, చిత్తుకాగితాలు ఒకదానిమీద ఒకటి అంటించి చేసేవాళ్ళు. అట్ట పై పొర లేపితే అచ్చక్షరాలు. మామయ్యవాళ్ళ అమ్మ పేరు!

"మామయ్యా, దొరికింది!" అని అరిచేశాను.

ఆయన గోడ పట్టుకుని పరుగున వచ్చారు. "చింపావో, చంపేస్తా!"

"మీరు మీద పడకుండా కూర్చోండి ముందు!"

తడిగుడ్డ పరిచి, కాసేపాగి, కత్తి మొనతో ఒక్కో పొర లేపాను. తడి ఎక్కువైతే అక్షరం చెదురుతుంది, తక్కువైతే కాగితం చిరుగుతుంది. ఒకచోట చిన్న పీలిక ఊడిపోయింది. ఆయనకి చెప్పలేదు.

అప్పుడు చూశాను, రిజిస్టరు కుట్టు చివర ముడి. ఎడమచేతి ముడి. ఈ ఊళ్ళో అలా వేసేది మామయ్య ఒక్కరే. పదేళ్ళప్పుడు, చదువు రాని రోజుల్లో, ఆయన పనికి కుదిరింది ఈ కొట్లోనే. కుట్లు వెయ్యడం, అట్టలు అంటించడం అప్పటి పని.

ఓరి దేవుడా! ఈ సంతోషం ఒక్క పూటైనా నిలవనీ. ముడి కత్తిరించి గుప్పిట్లో దాచాను.

"కుట్టుదారం ఏదీ? ఎవడు కట్టాడో ముడి చెప్తుంది," అన్నారు మామయ్య.

"పారేశాను."

"నువ్వెప్పుడూ పారెయ్యవు. ఇటివ్వు."

ఇచ్చాను. ముడిని వేలితో తడిమారు. మళ్ళీ తడిమారు.

"నన్ను నేనే ఎన్ని తిట్లు తిట్టుకున్నానమ్మా!" అని నవ్వబోయి భోరుమన్నారు.

"మీరు అంటించకపోతే ఏ పొయ్యిలోకో పోయేది," అని కసిరాను. నాకూ ఏడుపాగలేదు.

"సర్లే. చదువు."

చదివాను. రెండో పాటలో పీలిక ఊడినచోట ఆగిపోయాను. ఆ ముక్క ఆయనే పాడారు.