కుంటి లీ ఊతకర్ర

ఊతకర్ర లేని కుంటివాడు రోజంతా నడిస్తే ఏమవుతుంది, చెప్పండి పిల్లలూ?

పడిపోతాడంటారా? పడడు. తను నిలవడు, పక్కవాళ్ళని నిలవనివ్వడు.

చైనాలో పింగాణీకి పేరుపడ్డ మా ఊరు జింగ్‌దెజెన్‌లో, మా ఇంటి పాత జాడీ సంగతి అదే. దాని మీద నీలిరంగులో ఎనిమిది మంది దావో సిద్ధులు సముద్రం దాటుతుంటారు. మా ఊళ్ళో ఒక జాడీని ఒక్కరే గీయరు. ముఖాలు ఒకరు, బట్టలు ఒకరు, చేతుల్లోని వస్తువులు ఇంకొకరు. ఆ వస్తువులు గీసినాయన ఎవరో గానీ, ఆ ఎనిమిది మందిలో కుంటి లీకి ఊతకర్ర మర్చిపోయాడు. దాంతో లీ వాళ్ళ భుజం, వీళ్ళ భుజం పట్టుకుని జాడీ చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు. మూత గలగలలాడేది. అమ్మ మూతకు గుడ్డ కట్టి, "కాస్త కూర్చోవయ్యా" అని తన పని చూసుకునేది.

మా అక్క పెయ్‌లాన్‌కీ నిలకడ లేదు. అన్నయ్య జిన్‌ష్వే కార్ఖానాలో ఆమె పని అలలు గీయడం. పొద్దస్తమానం అలలే. మనుషుల్ని గీస్తానంటే అన్నయ్య నవ్వేవాడు.

"నీ అలల మీద నిలబడేవాడెవడే? ముందు నువ్వు ఓచోట కుదురుగా కూర్చో."

"కుదురుగా కూర్చుంటే సముద్రం వస్తుందా అన్నయ్యా?"

"మళ్ళీ అడిగావంటే మట్టి తొక్కడానికి పంపుతా."

ఒక మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వెళ్ళగానే అక్క ఇంటి జాడీని కార్ఖానాకు తెచ్చి, ఎర్రరంగుతో లీ చంక కింద కర్ర గీసేసింది. కాల్చిన పింగాణీ మీద వేసిన రంగు నిలవాలంటే చిన్న బట్టీలో మళ్ళీ కాల్చాలి. జాడీ పగిలితే తాతల నాటి వస్తువూ పోతుంది, అన్నయ్య తన చేతిలో కుంచె కూడా లాగేసుకుంటాడు. తెలిసే బట్టీలో పెట్టింది.

తెల్లారి బట్టీ తెరిస్తే జాడీ పగల్లేదు. సిద్ధులు ఏడుగురు, కుదురుగా నిలబడి ఉన్నారు. ఎనిమిదోవాడి చోటు తెల్లగా ఉంది.

"లీ ఎక్కడే?" అన్నాడు అన్నయ్య.

అక్క జాడీని చుట్టూ తిప్పి చూసింది. అమ్మ పక్క బల్ల మీంచి ఒక గిన్నె తీసి చూపింది. మొన్న కాల్చి దించిన గిన్నె, దాని మీద అక్క గీసిన అలలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ అలల మీద ఎర్రకర్ర ఊని లీ నిలబడ్డాడు.

అన్నయ్య బొటనవేలితో రుద్దాడు. లీ ముఖం గీతలు వేలికి తగల్లేదు. గాజుపూత కింద ఉన్నాయి. కాల్చిన తర్వాత అక్కడ ఎవరూ గీయలేరని అన్నయ్యకు తెలుసు. గిన్నెను వెలుతురుకి ఎత్తి చూశాడు.

"కాలైనా తడవలేదు ఈయనకి" అన్నాడు చివరికి. చెవి మీద పెట్టుకున్న సన్నకుంచె, ముఖాలు గీసేది, తీసి అక్క ముందు పెట్టాడు. "ముక్కులు జాగ్రత్త."

పొద్దున మీరు గంజి తాగింది ఆ గిన్నెలోనే. అలలే ఉన్నాయి, లీ లేడంటారా? చేతికి కర్ర వచ్చిందిగా, ఎక్కడో తిరుగుతుంటాడు.

జరగండి మరి, ఊరగాయకి ఆరబెట్టాల్సిన ఆవాకు సగమే కడిగి వచ్చాను. ఎండ ఉండగానే తీగ మీద వెయ్యాలి.