దొర ఒంటి నూగు

"కాఫీలో మళ్లీ కుక్క వెంట్రుక! పొద్దస్తమానం ఇంట్లోనే ఉండి ఏం చేస్తుంటావ్ నువ్వు?" అన్నాడు భర్త, కప్పు అవతలికి నెట్టి.

ఆమె అప్పటికి మూడోసారి ఊడుస్తోంది. నిజానికి ఆ కుక్క అతనిదే. జూలు చూసి ముచ్చటపడి తెచ్చాడు, దొర అని పేరు పెట్టాడు, వారం తిరక్కుండా గొలుసు ఆమె చేతిలో పెట్టాడు. పన్నెండేళ్లయింది. తిండి, స్నానం, షికారు, మందులు అన్నీ ఆమెవి. వచ్చినవాళ్ల ముందు దాని మెడ నిమరడం అతనిది. ఈ ఇంట్లో ఇద్దరు దొరలు, ఒకడే మాట వింటాడు అనుకుని లోలోపల నవ్వుకునేది.

ఏడాదికి రెండుసార్లు దొర పైవెంట్రుకల కింద ఉండే మెత్తటి నూగు కుచ్చులుకుచ్చులుగా ఊడేది. మొదట్లో పారేసేది. ఒకరోజు చీపురుకి చుట్టుకున్న కుచ్చుని తీస్తూ వేళ్ల మధ్య నలిపితే అది దారమై సాగింది. పెళ్లికి ముందు ఉన్ని కేంద్రంలో ఆడపిల్లలకి వడకడం నేర్పిన చెయ్యి అది. "కోడలి సంపాదన తినే ఖర్మ మాకింకా పట్టలేదు" అని మామగారు అనడంతో ఆ ఉద్యోగం పోయింది. చెయ్యి మాత్రం మర్చిపోలేదు. గట్టి వెంట్రుకల్ని గుడ్డగొట్టాల్లో కూరి, చలిగాలి రాకుండా కిటికీ సందులకి అడ్డం పెట్టింది. సూదులు గుచ్చుకునే చిన్న దిండు చేసుకుంది. నూగుని గోరువెచ్చని నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఏకి, తకిలి మీద వడికి అత్తగారికి మోకాలి తొడుగులు అల్లింది. ఏడాదిగా మెట్లెక్కని అత్తగారు అవి తొడుక్కుని మేడెక్కారు. ఎక్కి, పక్కింటావిడతో ఏమన్నారు? "మావాడు ఎక్కణ్ణుంచో తెప్పించాడమ్మా, ఎంత ప్రేమో నేనంటే!" బట్టలారేస్తున్న ఆమెకి ఆ మాట వినిపించింది. చేతిలో ఉన్నది అతని చొక్కాయే. రెండుసార్లు గట్టిగా దులిపి ఆరేసింది.

ఆ తర్వాత శాలువా మొదలుపెట్టింది. మూడేళ్ల నూగు పట్టింది దానికి. రంగు వెయ్యలేదు, దొర ఒంటి బూడిదరంగే. పెళ్లయ్యాక తనకోసం అనుకుని చేసుకున్న మొదటి వస్తువు అది. ఎవరికీ చెప్పలేదు. ఒక్కరోజు కూడా కప్పుకోకముందే బీరువాలోంచి మాయమైంది.

"మేనేజర్ గారి భార్యకిచ్చాను. కొండమేక ఉన్ని అని చెప్పాను" అన్నాడు భర్త, టై బిగించుకుంటూ. "వచ్చేవారం ప్రమోషన్ల లిస్టు. ఆవిడ ఊ అంటే ఆయన ఊ అంటాడు."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"నా కుక్క, నా ఇల్లు. ఇంకెవర్నడగాలి? బొచ్చుకి కూడా ఏడుస్తారా ఎవరైనా!"

రెండ్రోజులకి కబురొచ్చింది. మేనేజర్ గారి భార్య తన చెల్లెలికి కూడా అలాంటిదే కావాలంది. "ఇప్పుడు కుదరదండీ. దానంతటది ఊడాలి. ఇంకా నాలుగు నెలలు పడుతుంది" అంది ఆమె. అతను ఆమె మాట ఎప్పుడు విన్నాడు గనక!

కూరలు తీసుకుని వచ్చేసరికి బాత్రూంలో ట్రిమ్మర్ ఇంకా వేడిగా ఉంది. దొర మూల నక్కి ఉంది. ఒంటిమీద పోచ లేదు. గులాబీరంగు చర్మం, వీపు మీద రెండు చోట్ల నెత్తురు. అతను బొచ్చు కూరిన సంచి ఎత్తి చూపించాడు. "నెలలన్నావ్! గంటలో అయిపోయింది."

ఆమె గుప్పెడు తీసి నలిపింది. అరచేతిలో పొడిపొడిగా గుచ్చుకుంది. "ఇది వడికేందుకు పనికిరాదు. ఊడితేనే నూగు. కోస్తే పైవెంట్రుకలూ అదీ కలిసిపోతాయి, ముళ్లే. మూరెడు దారం కూడా రాదు."

"చెయ్యబుద్ధి కాదని చెప్పు. వెంట్రుక ఏదైతేనేం!"

అసలే ఎముకలు కొరికే చలి. దొర ఫ్రిజ్ వెనకాల వేడికోసం దూరింది. తిండి ముట్టలేదు. బొంత కప్పితే పుళ్లకి గరుకు తగిలి విదిలించుకుంది. పశువుల డాక్టరు ఊపిరి విని తల ఊపాడు. "ఈ వయసులో చలి పడితే దక్కదమ్మా. బాగా మెత్తటిది ఏదైనా కప్పి ఉంచండి." ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఒక్కొక్కటిగా చెంపకి ఆనించి చూసింది. ఒక్కటీ అంత మెత్తగా లేదు.

ఆదివారం మేనేజర్ దంపతులు టీకి వచ్చారు. "నువ్వు నోరు తెరవకు, చాలు. నవ్వు" అన్నాడు భర్త. "అమ్మాయ్, వాడి బతుకు నీ నోట్లో ఉంది, జాగ్రత్త" అన్నారు అత్తగారు, వంటింటి గడపలో నిలబడి.

మేనేజర్ గారి భార్య ఆ శాలువా కప్పుకునే వచ్చింది. చెంపకి ఆనించుకుని, "ఎంత వెచ్చగా ఉందో చెప్పలేను! ఎక్కడిదండీ ఈ మేక?" అంది.

"చాలా ఎత్తయిన కొండల్లో మేడమ్. అక్కడ తప్ప ఇంకెక్కడా బతకదు" అన్నాడు భర్త.

అప్పుడే ఫ్రిజ్ వెనకనుంచి దొర లేచి వచ్చింది. కాళ్లు తడబడుతున్నాయి. నాలుగడుగులేసి గది మధ్యలో కూలబడింది. "అయ్యో, ఏవిటిది? చర్మరోగమా?" ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుంది.

"ముసలిదైపోయింది మేడమ్. ఏమేవ్, దాన్ని లోపలికి తీసుకుపో!"

ఆమె ట్రే కింద పెట్టింది. భర్త కళ్లు ఆమెని గుచ్చుతున్నాయి. ఈ మాటతో ఏం పోతుందో ఆమెకి తెలుసు. ప్రమోషన్ పోతుంది, పరువు పోతుంది, ఆ తర్వాత ఈ ఇంట్లో తనకి మిగిలేదేమిటో కూడా తెలుసు. దొర డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిన్నటికన్నా వేగంగా.

"రోగం కాదు మేడమ్. మీరు కప్పుకున్నది దీని నూగే. దువ్వింది నేను, వడికింది నేను, అల్లింది నేను. నేను దీన్ని ఎవరికీ ఇవ్వలేదు కూడా" అంటూ ఆమె చెయ్యి చాపింది. "చలికి చచ్చిపోయేలా ఉంది. దయచేసి తీసివ్వండి."