దూరం బాగానే కనబడుతుంది

కామేశ్వరమ్మ నోట్లోంచి రాయి తీసి, కొడుక్కి కనబడేలా కంచం అంచున పెట్టింది. ఈ నెలలో ఇది నాలుగోది. "గోడమీది అచ్చరాలు ఆఖరి వరసదాకా సదివీసిందట. చాటలో రాయి మాత్రం కనబడదట," అంది. కోడలు ధరణి మజ్జిగ పోసింది.

అత్తగారి మాటలో అబద్ధం లేదు, అదే ధరణి బాధ. ఒడిశాలో సెమిలిగుడ దగ్గర, మొగుడి కంపెనీ కాలనీ డిస్పెన్సరీలో అక్షరాలన్నీ గడగడా చదివింది. చూపు బంగారం అన్నారు. దగ్గర చూపు సంగతి ఎవరూ అడగలేదు. చాట ముందు కూర్చుంటే బియ్యపుగింజ రెండవుతుంది, కాసేపటికి అన్నీ అలుక్కుపోతాయి, కణతలు లాగేస్తాయి. పనిదొంగ అన్న పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. వినగా వినగా ధరణికే తన మీద అనుమానం పట్టుకుంది. నిజంగానే నటిస్తున్నానా? చాకిరీకి విసుగెత్తి కళ్ళు సాకులు వెతుక్కుంటున్నాయా?

నెల కిందట అత్తగారి నోముకి అటక మీది ఇత్తడి గుండిగ దించాల్సి వచ్చింది. ధరణి స్టూలెక్కింది, భర్త శంకరరావు పట్టుకున్నాడు. ఫోను మోగితే వదిలేశాడు. ఆమె తల వంటగట్టు అంచుకు తగిలి ఒక్క క్షణం అంతా ఆరిపోయింది. రక్తం రాలేదు. "అమ్మకి సెప్పకు, కంగారుపడతాది," అన్నాడతను తల నిమురుతూ. ఆ నిమరడానికే పిచ్చిది పొంగిపోయింది. లేచి తొమ్మిదిమందికి వడ్డించింది. డిస్పెన్సరీ పుస్తకం ఉద్యోగి పేరు మీద ఉంటుంది కాబట్టి, జబ్బుకి కారణమేమిటన్న గడి కూడా శంకరరావే నింపాడు. తలనొప్పి అని మాత్రం రాసి, పడిన సంగతి వదిలేశాడు.

రాయగడలో కళ్ళు బాగా పరీక్షించే అమ్మాయి ఉందని పక్క క్వార్టర్ సుధ చెబితే ధరణి బయలుదేరింది. ఏనాడూ తోడు రాని మొగుడు సెలవు పెట్టి మరీ వెంటవచ్చాడు. మొదటి సొరంగంలోంచి రైలు బయటపడగానే వెలుగు కళ్ళలో కారం కొట్టినట్టయింది. రెండో సొరంగంలో, ఇంకా చీకటిగా ఉండగానే, శంకరరావు చెయ్యి చాచి ఆమె పక్కనున్న కిటికీ షట్టర్ దించాడు. మూడోసారీ అంతే. తనకు వెలుగు పడడంలేదని ధరణి ఎవరికీ చెప్పలేదు, అదో కొత్త వేషమంటారని. మరి ఇతనికెలా తెలుసు? తెలిసే, తల్లి రాళ్ళు తీసి చూపిస్తుంటే తలొంచుకుని తిన్నాడా? మొగుడి ముఖంలోకి చూసింది. అతను దించిన షట్టర్‌నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ అమ్మాయి పేరు ప్రణతి. అక్షరాల జోలికి పోలేదు. పెన్సిలు మొనను మెల్లగా ముక్కు దగ్గరకు తెచ్చింది. జానెడు దూరంలోనే మొన రెండయింది. తర్వాత చీకటిగదిలో చిన్న పరికరంతో కంట్లోకి లైటు వేసి అంకెలు చూసుకుంది. వెలుగు పడితే కంటిపాప ముడుచుకోవడం నెమ్మదిగా ఉందని, దగ్గరి వస్తువు మీద చూపు కుదరడంలేదని చెప్పింది. వీటికి వేరే కారణాలూ ఉండొచ్చట, కానీ స్కానులో కనబడని చిన్న దెబ్బ వల్ల కూడా ఇలా అవుతుందట.

"తలకేమైనా దెబ్బ తగిలిందా అక్కా?"

"లేదండి," అన్నాడు శంకరరావు.

అడిగింది ధరణిని. పైగా జవాబు మరీ తొందరగా వచ్చింది. మరిచిపోయినవాడైతే కాస్త ఆలోచిస్తాడు. ధరణికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నెలరోజులు తన బుర్రనే అనుమానించుకున్నందుకు ఇంకా మండింది.

"మీరు బయట కూసోండి," అంది.

"ఏటే ఇది, ఎవులైనా ఏటనుకుంటారు..." అతను గొంతు తగ్గించాడు.

"ఏటైనా అనుకోనీండి. తల నాది, నేను సెప్పుకుంటాను."

శంకరరావు లేచాడు. ప్రణతి కలం తీసుకుంది. తలుపు పూర్తిగా మూసుకోకముందే ధరణి మొదలుపెట్టింది.

"స్టూలు మీంచి పడ్డాను. పట్టుకున్న మనిషి వదిలీసేడు."