సుఖమ్మకు సాక్షులు

తువ్వాలు కనబడలేదనో, చారులో ఉప్పు తగ్గిందనో సతాయించే మామూలు మొగుడైతే రేణుక ఎప్పుడో సర్దుకుపోయేది. శ్రీశైలం అట్లాంటివాడు కాదు. ఆయన తప్పు చేస్తే లోకమంతటికీ వడ్డించాల్సిందే.

మంచాల ఊరికి పోయే దారిలో ఒక కుంట ఉంది. వెనకటికి దాని కట్ట తెగితే రేణుక అమ్మమ్మ సుక్కమ్మ ఊరివాళ్ళను కూడగట్టి, తానూ మట్టి తట్టలు మోసి నిలబెట్టింది. అప్పటినుంచి అది సుక్కమ్మ కుంట. మూడేళ్ళ కింద శ్రీశైలం, ఎవరైనా రాయగలిగే ఒక నెట్ విజ్ఞాన సర్వస్వంలో దాని గురించి రాశాడు. పేరు మరీ మోటుగా ఉందని 'సుఖమ్మ కుంట' అని దిద్దాడు. మార్చమని చెప్పి చెప్పి రేణుక నోరు నొచ్చింది.

ఇవాళ ఊరివాళ్ళు బోర్డు పెడుతున్నారని తెలిసి, ఇబ్రహీంపట్నం నుంచి ఇద్దరూ స్కూటర్ మీద వచ్చేసరికి పెయింటర్ ఖాసీం 'సుఖ' దాకా రాసేశాడు.

"ఖాసీం అన్నా, జర ఆగు. మా అమ్మమ్మ పేరు సుక్కమ్మ."

"నాకెర్క లేదా అక్కా? మా అమ్మ ఖాదర్ బీ ఆమెతోని తట్టలు మోసింది. పంచాయతోళ్ళు నెట్ల జూసి గిట్ల రాసిచ్చిన్రు. మా అమ్మ మాటకు నెట్ల లింకు లేదు గద!"

రేణుక ఫోన్ తెరిచింది. నెట్‌లోని పేజీ కింద ఆధారంగా ఒక పేపర్ వార్త ఉంది. వార్త తెరిస్తే చివర 'సమాచారం: ఇంటర్నెట్' అని ఉంది. ఆమె కట్ట మీద చతికిలబడింది. నవ్వే ఓపిక కూడా లేదు.

"నెట్‌కు పేపర్ సాక్షి, పేపర్‌కు నెట్ సాక్షి. మస్తుగుంది సంసారం."

"పొద్దుగాల మార్చిన," అన్నాడు శ్రీశైలం నెమ్మదిగా. "ఎవరో మల్ల పాతదే వెట్టిన్రు. ఆధారం సూపియ్యాల్నట."

"ఎవరో ఏంది? నీలెక్క చదువుకున్నోడే అయ్యుంటడు."

ఖాసీం గుడ్డకు టర్పెంటాయిల్ అద్దుకుని 'ఖ' ముందు ఆగాడు. "తుడిచేస్త సార్. పంచాయతోళ్ళు ఎవరు చెప్పిన్రని అడిగితే ఏమనాలె?"

శ్రీశైలం తన చేతిలోని ఫోన్ వంక చూశాడు. కుంట వంక చూశాడు. రేణుక వంక మాత్రం చూడలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నా పేరు చెప్పు. నెట్ల రాసింది నేనే. తప్పు రాసిన. ఆమె పేరు సుక్కమ్మ."