బాంబు కాలు

ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు అలీ అహ్మద్ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించేదాకా ఆదినారాయణ తన కుడికాలిని చూసుకుని గర్వపడుతూనే ఉన్నాడు. ఎనిమిదేళ్ల కిందట, ఊళ్లో ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో, వెనకనుంచి నాటుబాంబు పడింది. పరిగెత్తి పేడదిబ్బలో పడ్డాడు. కొన్నాళ్లకు కుంటు మొదలైంది. జనం "బాంబు కాలు" అని పేరు పెట్టారు. పార్టీవాళ్లు మీటింగుల్లో ముందు వరసలో కుర్చీ వేశారు. బాంబు వేయించిన మేనమామ సంజీవయ్య మీద ఆ కాలినే సాక్ష్యంగా పెట్టి కేసు నడిపించాడు.

"ఇనుప ముక్క యాడుందో చూడు సార్" అన్నాడు.

"ఇనుమూ ల్యాదు, గినుమూ ల్యాదప్పా. తొడెముక తల బంతి మాదిరి ఉంటాది. తుంటిలో గిన్నె మాదిరి గుంటలో తిరుగుతాది. నీకు పుట్టుకతోనే ఆ గిన్నె లోతు తక్కువ. బరువంతా ఒక అంచు మీదనే పడి, మధ్యనుండే నున్నటి పొర అరిగిపోయింది. ఇప్పుడు ఎముకా ఎముకా రాసుకుంటాండాయి."

ఆదినారాయణ ఫిల్మును తీసుకుని మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు. వీరుడని ఊరేగిన ఇన్నేళ్లూ తను మోసింది లోతు తక్కువ గిన్నెనన్నమాట. పులివెందుల బస్సెక్కేటప్పుడు గజ్జల్లో పొడిచిన ప్రతిసారీ మామను తిట్టుకున్నాడే, ఇక ఎవరిని తిట్టాలి? ఇట్లా కన్నందుకు అమ్మను తిడదామంటే, ఆమె ఆ మామకే అక్క.

పది రోజులకు, ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయని పార్టీ పెద్దలు జమ్మలమడుగు కల్యాణ మండపంలో రాజీ పెట్టారు. మామా మేనల్లుడూ ఒకే జంఖానా మీద ఎదురెదురుగా కూర్చోవాలి. అనుచరులు గోడ పక్కనుంచి కదలకూడదు. ఇతను కేసు వదులుకుంటే మామ పగ వదులుకుంటాడు. కాలి సంగతి బయటపడి తప్పుడు సాక్ష్యమని తేలితే పరువుతోపాటు రాజీ కూడా పోతుంది. నోరు మూసుకుని కూర్చుని లేచొస్తే చాలనుకున్నాడు.

నోరు మూసుకోవడం వచ్చింది గానీ కూర్చోవడమే రాలేదు. స్తంభం పట్టుకుని జారి, కుడికాలు చాపుకుని చతికిలబడ్డాడు. పాదం సరిగ్గా మామ మొహానికి ఎదురుగా ఉంది.

"పెద్దమనిషి మొగానికి కాలు చాపుతాండాడు, చూసినారా!" అంటూ మామ మనుషులు లేచారు. ఇటువైపు వాళ్ల చేతులు చొక్కాల కిందికి పోయాయి.

ఆదినారాయణకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది.

"ఆగండప్పా! ఈ కాలు ముడుచుకోదు. కీలు అరిగిపాయ. బాంబుకు గాదు, పుట్టుకతోనే ఇంతే. బాంబు నాకు తగల్లా, పేడదిబ్బే తగిలింది."

ఎవరూ నవ్వలేదు. సంజీవయ్య లేచి, జంఖానా దాటి వచ్చి, చంకల కింద చేతులు వేసి మేనల్లుణ్ణి పైకి లేపాడు. పెద్దలు దాన్ని కౌగిలింత అనుకుని చప్పట్లు కొట్టారు.

"ఈ కాలికేనా రా, నేను జైల్లో పదకొండు నెల్లు ఉండింది?" అని మామ అతని చెవిలో అడిగాడు.

"ఈ కాలికే మామా. వదలొద్దు, ఇంకా కుదురుకోలా."

మామ వదల్లేదు.