కంట్రోల్ సాళ్లు

త్యాగరాజు పీహెచ్‌డీకి ఇక ఒక్క పత్తిచేనే అడ్డం. పరీక్షలు పాసయ్యాడు. కమిటీ ముందు నోటి పరీక్షలో కుర్చీ చెమటతో తడిపి బయటపడ్డాడు. పత్రికలో వ్యాసం వేయించుకున్నాడు. పచ్చపురుగు మీద మందుల ప్రయోగం ఒక్కటి పూర్తయితే థీసిస్ ఇచ్చేయొచ్చు. ఈ పంట పోతే మాత్రం గోవిందా. గైడు గురునాథం గారు ఉగాదికి రిటైరవుతున్నారు. కొత్త గైడంటే మళ్లీ మొదట్నుంచీ మొదలు.

పెదకాకాని దగ్గర చెంచయ్య చేలో ప్రయోగం. కొన్ని సాళ్లకు మందు కొట్టాలి, పోల్చి చూసుకోవడానికి కొన్నిటికి చుక్క కూడా తగలకూడదు. ఆ కొట్టకూడని సాళ్ల దగ్గర ‘కంట్రోల్’ అని బోర్డు పాతి, జ్వరమొచ్చి గుంటూరులో మంచానపడ్డాడు త్యాగరాజు.

లేచి గురునాథం గారిని వెంటబెట్టుకొచ్చేసరికి కంట్రోల్ సాళ్లు నిగనిగలాడుతున్నాయి. పురుగు సంగతి సరే, ఆ పైనుంచి ఎగిరిన కాకి కూడా దగ్గుతోంది.

“ఏం చేశావు బాబాయ్?” అన్నాడు చెంచయ్యతో.

“కంట్రోలు చెయ్యమని బోర్డు పెట్టావు గదయ్యా! నీ మందులన్నీ కలిపి కొట్టా. ఒక్క పురుగన్నా బతికుంటే చూపించు!”

త్యాగరాజు గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు కనిపించింది పక్క చేను. అది చెంచయ్య బావమరిది బుల్లయ్యది. పురుగులు కంట్రోలు షాపు ముందు జనంలా వరసకట్టి, వంతులవారీగా ఆకు తింటున్నాయి.

“దానికి కొట్టలేదేం?” అన్నారు గురునాథం గారు.

“ఊరికంతా మందు పంపు నాదొక్కటేనండి. వాడికిస్తేగా! ఒకే విత్తనం, ఒకే రోజు పెట్టాం. ఆనక మా ఇంట్లో గోంగూర తిని ఉప్పెక్కువన్నాడు. మాటల్లేవు, పంపూ లేదు.”

గురునాథం గారి కళ్లు మెరిశాయి. “అదే నేల, అదే విత్తనం. ఇంతకన్నా మంచి కంట్రోల్ ఎక్కడ దొరుకుతుందోయ్? అతని నష్టం డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది. పంట తీసేదాకా మాత్రం ఇలాగే ఉండాలి.”

చెంచయ్య నీళ్లు నమిలాడు. “ఇవాళ రాత్రికి రాజీ అండి. మా ఆవిడ వాణ్ణి భోజనానికి పిలిచింది. పంపు కూడా కడిగి పెట్టా.”

త్యాగరాజు చెంచయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. “బాబాయ్! నా పీహెచ్‌డీ!”

“ఏడవకయ్యా. చదువుకునేవాడికి ఆ మాత్రం సాయం చెయ్యలేనా?”

చెంచయ్య తలగుడ్డ బిగించి, పొన్నూరు దాకా వినిపించేలా అరిచాడు: “ఒరేయ్ బుల్లయ్యా! ఉప్పు కాదురా, మీ వంశంలోనే ఎవడికీ నాలిక లేదు!”

అటునుంచి మట్టిబెడ్డ ఒకటి వచ్చి ‘కంట్రోల్’ బోర్డుకి తగిలింది. వెనకనుంచి మాత్రం అన్నం క్యారేజీ కింద పడ్డ చప్పుడైంది. చెంచయ్య భార్య, బుల్లయ్యకు స్వయానా అక్క అయిన సుబ్బరావమ్మ.

“ఏంటీ? ఎవరి వంశం?”

గురునాథం గారు తృప్తిగా తలూపారు.

“పంట తీసేదాకా ఢోకా లేదోయ్. వెళ్లి థీసిస్ మొదలుపెట్టుకో.”